పాత కారునందు పెట్రోలు వాసన — దాని మూలమును వెదకు విధము

గ్రామములలో నేడు కారు భాగ్యవంతుల వస్తువుగా మాత్రమే మిగిలియుండలేదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఏ యూరి వీథిని చూచినను, పట్టణమందు పదియేండ్లో పదునైదేండ్లో తిరిగి, రెండు మూడు చేతులు మాఱి, తుదకు రైతు వాకిటికి చేరిన కారొకటి కనబడును. విత్తనములు తెచ్చుకొనుటకును, రాత్రివేళ నొప్పులు వచ్చిన కోడలిని ఆసుపత్రికి చేర్చుటకును, రాజాములోనో బొబ్బిలిలోనో జరుగు పెండ్లికి పోవుటకును అదియే ఆధారము. అట్టి బండి కొన్న సభ్యులలో పలువురు మాతో ఒకే మాట చెప్పుచుందురు: "బండి మంచిదే గాని, కొంచెము పెట్రోలు వాసన వచ్చును. పాత బండి గదా!"

ఈ "పాత బండి గదా" యను మాటను గూర్చియే మేమీ నెల వ్రాయదలచితిమి. మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. వాసన వయస్సు లక్షణము కాదు. ఉండవలసిన చోట నుండక పెట్రోలు బయటకు వచ్చుచున్నదనుటకు అది సాక్ష్యము. దానికొక స్థలమును, ఒక కారణమును తప్పక యుండును. ఆ స్థలమును క్రమముగా వెదకి పట్టుకొనవలెను. వాసనను ఓర్చుకొని తిరుగుట యొక తప్పు. చూడకయే ఊహించి సామానులు మార్పించుట రెండవ తప్పు. ఈ రెండు తప్పులును మేము చేసినవారమే కనుక, ఇతరులకు చెప్పుటకు మాకు కొంత యధికారము కలదనుకొనుచున్నాము.

మా యింట కార్బురేటరు కాలపు కారొకటి కలదు. దానిని పశువుల సాల ప్రక్క వసారాలో నిలుపుచుంటిమి. ఆ వసారాలోనే గోడకు చేర్చి గడ్డిమోపులు ఉండెడివి. ట్యాంకు నిండుగా పోయించిన తరువాత రెండు మూడు దినములు వాసన తీవ్రముగా నుండి, పిమ్మట తగ్గిపోయెడిది. దగ్గరి పట్టణమున నొక మిస్త్రీకి చూపగా కార్బురేటరు విప్పి లోపలి సామానులు మార్చెను. నెల గడచిన పిదప మఱియొకరికి చూపగా ఆయనయు కార్బురేటరే విప్పెను. ఖర్చు రెండింతలయ్యెను; వాసన అట్లే యుండెను. తుదకు మేము దానికి అలవాటు పడితిమి. అద్దములు దించుకొని తిరిగితిమి. సుగంధపు డబ్బా యొకటి కొని ముందు పెట్టుకొంటిమి.

సంక్రాంతికి మా మేనత్తగారు వచ్చిరి. భోగికి ముందటి రాత్రి పిల్లలు వాకిటిలో, ఆ వసారాకు నాలుగు బారల దూరమున, మంటకై దుంగలు పేర్చియుంచిరి. మేనత్తగారు వసారాలో అడుగిడి నిలిచిపోయి, "ఏట్రా బాబూ! ఇంత వాసనొత్తంటే మీ ముక్కులేటయిపోనాయి? మంట ఇక్కడేస్తారా?" అని అడిగిరి. మాకు తల కొట్టివేసినట్లయ్యెను. ఆ రాత్రియే నలుగురము చేరి, ఇంజను వేయకయే కారును కల్లములోనికి త్రోసితిమి. దుంగలను వీథి చివరకు మోయించితిమి. పండుగ గడచిన పిదప ఒక క్రమము ప్రకారము వెదకగా, డిక్కీ లోపలి అట్ట వెనుక, పెట్రోలు పోయు మూతినుండి ట్యాంకునకు పోవు లావుపాటి రబ్బరు గొట్టము, క్లిప్పు బిగించిన చోట అడుగున పగిలియుండెను. ట్యాంకు నిండినపుడు మాత్రమే పెట్రోలు ఆ పగులును అందుకొనును. మట్టము తగ్గగానే చెమ్మ ఆఱిపోవును. రెండు మార్లు విప్పించిన కార్బురేటరునకును ఈ దోషమునకును ఏ సంబంధమును లేదు. వాసన ఎప్పుడు వచ్చుచున్నదని ఆ మిస్త్రీలు అడుగలేదు. చెప్పవలెనని మాకును తోచలేదు.

ఇందులో మఱియొక పాఠము కలదు. ఎడతెగక పీల్చిన వాసనను ముక్కు క్రమముగా మఱచిపోవును. ప్రతిదినము ఆ బండిలో తిరుగువాడు "ఇప్పుడు తగ్గినది" అనిన, తగ్గినది వాసన కాక వాని ముక్కు చుఱుకుదనమే కావచ్చును. కావున వెదకునపుడు ఆ బండి యెక్కని వానిని ఒకనిని పిలిచి వాసన చూపించుట మంచిది.

వాసన అంతటి భయమునకు కారణమా యని కొందరు అడుగవచ్చును. పెట్రోలు ద్రవముగా మండదు. దాని ఆవిరి మండును. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సహితము నిప్పంటుకొనదగినంత ఆవిరిని అది విడుచును. మన వైశాఖ మాసపు టెండలో ఎంత విడుచునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పైకి పోక నేలబారుగా ప్రాకి, గుంటలలోను, గోడ మూలలలోను, గడ్డి క్రిందను నిలుచును. నూఱు పాళ్ల గాలిలో ఒకటిన్నర పాలు చేరినను ఒక్క నిప్పురవ్వ చాలును. అయితే అంత చేరుటకు ఎంతో ముందుగనే ముక్కునకు వాసన తెలియును. అనగా, వాసన మనకు ప్రకృతి పంపిన నోటీసు. గడువు దాటకముందే వచ్చిన నోటీసును చింపి పాఱవేయుట తెలివి కాదు. ఇదిగాక, పెట్రోలులో బెంజీను అను పదార్థము కొంత కలదు. నేటి ప్రమాణముల ప్రకారము అది నూటికి ఒక పాలునకు మించరాదు. ఐనను దానిని దీర్ఘకాలము పీల్చుట రక్తమునకు హానికరము, క్యాన్సరునకు కారణము. తలనొప్పి, వికారము అను వానితో పిల్లలు బండి దిగుచున్న యెడల, ప్రయాణపు బడలికయే యని త్రోసివేయక ఈ వైపున గూడ ఆలోచింపవలెను.

వెదకుటకు ముందు చేయవలసిన జాగ్రత్తలు కొన్ని కలవు. బండిని ఇంటికిని, సాలకును, గడ్డికుప్పకును దూరముగా, గాలి వీచు బయలునకు త్రోసికొని పోవలెను. తీవ్రమైన వాసన యున్నపుడు తాళము త్రిప్పి ఇంజను వేయరాదు. తలుపులు, డిక్కీ, ముందు మూత తెఱచి, ఇంజను పూర్తిగా చల్లాఱువఱకు ఆగవలెను. చుట్ట, బీడీ, దీపము దరికి రానీయరాదు. చేతిదీపమును దూరముననే వెలిగించి తేవలెను. ఆవిరి పోయిన పిదపనే బ్యాటరీ తీగ విప్పవలెను. ఏలయన విప్పునపుడు నిప్పురవ్వ పుట్టవచ్చును. పొడి రసాయనపు అగ్నిమాపక సిలిండరును, లేనిచో రెండు బకెట్ల పొడి యిసుకను దగ్గఱ నుంచుకొనవలెను. మండుచున్న పెట్రోలుపై నీళ్లు పోసినచో అది నీటిపై తేలి మంటను మఱింత దూరము మోసికొని పోవును. గొట్టము నోట పెట్టి పెట్రోలు పీల్చి తీయుట మనవారిలో గల దురభ్యాసము. అది ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము.

ఇక వెదకు క్రమము. మొదట బండిని గాక, బండిలో నున్న వస్తువులను వెదకవలెను. మందు చల్లు పెట్రోలు యంత్రములకై ప్లాస్టిక్కు సీసాలలో పెట్రోలు తెచ్చి డిక్కీలో మఱచిపోయిన సభ్యులను మేమెఱుగుదుము. అట్టి సీసా మూత సందునుండి వచ్చు వాసనకు బండిని విప్పించుట వ్యర్థము. పెట్రోలు ఒలికిన గోనెసంచియు, కాళ్లపట్టాయు గూడ దినముల తరబడి వాసన విడుచును.

రెండవది, ప్రశ్న. వాసన ఎప్పుడు, ఎచ్చట, ఎంతసేపు? ఒక చిన్న పుస్తకమున వారము దినములు వ్రాసికొనినచో సగము పని తీఱినట్లే. ట్యాంకు నింపిన వెంటనే వచ్చి, సగమైన పిదప పోవు వాసన ట్యాంకు పైభాగమును చూపును: పోయు మూతి గొట్టము, మూత రబ్బరు, గాలి పోవు సన్నని గొట్టము, పెట్రోలు మట్టము చూపు యంత్రమును ట్యాంకుపై బిగించిన చోటి గ్యాస్కెట్టు. ట్యాంకులో ఎంతయున్నను తెల్లవారునప్పటికి వెనుక భాగమున వచ్చు వాసన ట్యాంకు అడుగును, అచటినుండి బయలుదేరు గొట్టమును చూపును. ఇంజను నడచుచున్నపుడే వచ్చి, ఆపగానే తగ్గునది పంపు దాటిన తరువాతి గొట్టములను చూపును. ఎండలో దూరము నడిపి ఆపిన పిదప ఇంజను వైపున కొలది నిమిషములు వచ్చి పోవునది, పాత కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు వేడికి ఆవిరియగుటవలన కావచ్చును. సాలూరు నుండి పాచిపెంట మీదుగా కొండదారి యెక్కినపుడు ఇట్లగుట సహజమే. కాని చెమ్మ కనబడినను, అరగంట దాటి నిలిచినను అది సహజము కాదు. వెనుక గొట్టమునుండి నల్లని పొగతో గూడి వచ్చు వాసన వేఱు జాతిది. అది కాఱుట కాదు. ఇంజనులోనికి పెట్రోలు మితిమీఱి పోవుట. చోకు బిగిసిపోయినను, కార్బురేటరు మట్టము తప్పినను, ఇంజెక్షను బండిలో కొలత చూచు సాధనము చెడినను అట్లగును.

మూడవది, ఇంజను ఆయిలు. డిప్‌స్టిక్కు తీసి మట్టమును, వాసనను చూడవలెను. పాతబండ్లలో ఇంజను ప్రక్కన బిగించిన పెట్రోలు పంపునందు రబ్బరుగుడ్డ పొర యొకటి ఉండును. అది చిల్లి పడినపుడు పెట్రోలు బయటకు కాఱక లోపలికి, ఆయిలులోనికి దిగవచ్చును. నేల పొడిగానే యుండును. ఆయిలు మట్టము మాత్రము తగ్గుటకు మాఱుగా పెరుగును. పెరిగినదని సంతోషించువారు కలరు! అట్టి బండిని ఒక మైలైనను నడుపరాదు. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు.

నాల్గవది, కంటితోను చేతితోను చేయు పరీక్ష. ఇక్కడ మన చెఱువు గట్టునే జ్ఞప్తికి తెచ్చుకొందము. గట్టు వెలుపల చెమ్మ కనబడిన చోటనే మట్టి వేసిన ఊట ఆగదు. నీరు లోపల ఏ ఎలుక బొరియలో దూరి, ఎంత దూరము ప్రాకి, అచ్చట బయలుపడినదో చూడవలెను. పెట్రోలును అంతే. పైన క్లిప్పు వద్ద ఊఱిన చుక్క గొట్టము వెంట జాఱి, చట్రము మీదుగా ప్రాకి, బారెడు దూరమున నేలబడును. కావున తడిసిన చోటనుండి పైపైకి, ముందునకు పోయి, తడి మొదలగు చోటును కనుగొనవలెను. మొదట ఆ ప్రాంతమునంతటిని మట్టియు జిడ్డును పోవునట్లు తుడిచి ఆఱనీయవలెను. పిదప ఒక్కొక్క కీలునకు మెత్తని సుద్దపొడి అద్దవలెను. ఊఱు చోట పొడి రంగు మాఱి గుఱుతు తేలును. బండి క్రింద రాత్రి పాత వార్తాపత్రిక పఱచి ఉంచినచో చుక్క పడిన తావు ఉదయమునకు తెలియును. పెట్రోలు ఆఱిపోయినను, అది చాలకాలముగా ఊఱిన కీలు చుట్టు పసుపు గోధుమ వన్నె జిగురు మరక మిగులును. దానిని చదువ నేర్చినవాడే మంచి మిస్త్రీ.

రబ్బరు గొట్టమును కంటితో చూచిన చాలదు. చేతితో వంచి చూడవలెను. వంచినపుడు సన్నని పగుళ్లు విచ్చుకొనిన దానిని, కఱ్ఱవలె బిగిసిన దానిని, పిండివలె మెత్తబడి ఉబ్బిన దానిని వెంటనే తీసివేయవలెను. క్లిప్పు క్రింది భాగము కనబడదు. మా బండి దోషము అచ్చటనే దాగెను. కార్బురేటరులో తేలుబుడ్డికి చిల్లి పడి అది మునిగినను, సూది మొన క్రింద నలుసు చేరినను, పెట్రోలు ఆగక పొంగును. ఇంజెక్షను బండ్లలో పంపు ట్యాంకులోనే యుండి, సాధారణముగా చదరపు సెంటీమీటరునకు మూడు కిలోల ఒత్తిడితో పెట్రోలును త్రోయును. అచ్చట సూదిబెజ్జమంత చిల్లి చాలును, వేడి ఇంజనుపై జల్లు కొట్టుటకు. ఆ గొట్టములను ఒత్తిడి తీయక విప్పరాదు. ఆ పని తెలిసినవానికే వదలవలెను. కొంచెము క్రొత్త బండ్లలో ట్యాంకు ఆవిరిని పట్టి యుంచు బొగ్గు డబ్బా యొకటి ఉండును. అది పగిలినను, దాని గొట్టము ఊడినను వాసన వచ్చును; చాలమంది దాని పేరే ఎఱుగరు.

ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. నాలుగు సామానులు ఒక్కసారిగా మార్చినచో, వాసన పోయినను ఎందువలన పోయినదో తెలియదు. మఱల వచ్చినపుడు మొదటినుండి వెదకవలసివచ్చును. పొగ పరీక్ష పత్రము ఉన్నది గదా యని నమ్ముటయు తగదు. ఆ పరీక్ష వెనుక గొట్టపు పొగను మాత్రమే కొలుచును; ట్యాంకు పైన పగిలిన గొట్టమును అది చూడదు.

ఇక మన రైతులకు రెండు విధముల సంబంధించిన విషయమునకు వత్తుము. నేడు బంకులలో దొరకు పెట్రోలు మన తాతలనాటి పెట్రోలు కాదు. చెఱకు, మొక్కజొన్న, నూక బియ్యము మొదలగు వానినుండి తీసిన ఇథనాలు దానిలో కలియుచున్నది. ఈ యాలోచన క్రొత్తది కాదు. 1948లోనే మన దేశమున పవర్ ఆల్కహాల్ చట్టమొకటి వచ్చెను. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రములలో నూటికి 5 పాళ్లు కలుపు పథకము మొదలయ్యెను. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022 జూన్ నాటికి 10 పాళ్లు, 2025లో 20 పాళ్లు అయ్యెను. 20 పాళ్ల పెట్రోలును 2023 ఫిబ్రవరి 6వ తేదీని బెంగుళూరున ప్రారంభించిరి. ఆమదాలవలస, భీమసింగి సహకార చక్కెర ఫ్యాక్టరీలకు బండ్లతో చెఱకు తోలిన సభ్యులు మనలో నేటికిని కలరు. విజయనగరము మెట్టపొలములలో మొక్కజొన్న పండించువారును కలరు. పంటకు క్రొత్త గిరాకి వచ్చుట మనకు మేలే. కాని అదే రైతు, తన పంటతో చేసిన ఇంధనమును తన పాత కారులో పోయించుకొనునపుడు, ఆ కారు రబ్బరు దానికి సిద్ధపడినదా యని అడుగవలసియున్నది.

ఇథనాలు పాతకాలపు రబ్బరును ఉబ్బించును, దానిలోని మెత్తదనమును లాగివేయును. పిదప ఆఱినపుడు అది పగులును. బెండు గ్యాస్కెట్టులను వదులు చేయును. పాత ట్యాంకులో ఏండ్ల తరబడి పేరుకొన్న జిగురును కరగించి ముందునకు త్రోసి, వడపోత డబ్బాను మూయును, సూది మొన క్రింద నలుసును చేర్చును. అది తేమను పీల్చును; భావనపాడు నుండి భోగాపురము వఱకు సముద్రపు గాలి తగులు మన ఊళ్లలో తేమకు కొదువ లేదు. చాల దినములు నడుపక నిలిపిన బండిలో తేమ చేరి ట్యాంకు లోపల త్రుప్పు పట్టును. తుపాను వఱదలో మునిగిన బండి సంగతి చెప్పనే అక్కఱలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పటి వఱదలను మన ఎవ్వరమును మఱచిపోలేదు.

ఇందు రెండు అతివాదములు వినబడుచున్నవి. "అంతయు క్రొత్త పెట్రోలు దోషమే" అనునది యొకటి. ఇరువదియేండ్ల గొట్టము స్వచ్ఛమైన పెట్రోలుతోను పగులును. దానిని మార్చక పెట్రోలును తిట్టి ప్రయోజనము లేదు. "క్రొత్త పెట్రోలువలన ఏమియు కాదు" అనునది రెండవది. 2023 ఏప్రిలు మొదలుకొని తయారైన బండ్లకు 20 పాళ్లకు తగిన సామగ్రి వాడవలెనని నిర్ణయించుటయే, అంతకు పూర్వపు సామగ్రి అన్నియు దానికి తగినవి కావనుటకు సాక్ష్యము. బ్రెజిల్ దేశము 1975 నుండి చెఱకు ఇంధనమును పెద్ద యెత్తున వాడుచు, 2025 ఆగష్టున పెట్రోలులో 30 పాళ్లకు చేరెను. అచ్చటి బండ్ల రబ్బరును, లోహమును దానికి తగినట్లు చేసికొనిరి కనుకనే అది సాగినది. మనమును పాత బండికి ఆ మర్యాద చేయవలెను.

ఆ మర్యాద పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఇథనాలునకు ఓర్చు గొట్టములు వేఱుగా దొరకును. వానిపై ఎస్.ఏ.ఇ. జె 30 ఆర్ 9 అను గుఱుతు అచ్చువేసి యుండును. లోపలి పొర ఫ్లోరిన్ రబ్బరుతో చేయబడును. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగియుండు గొట్టమునకు మాత్రము ఇది పనికిరాదు; దానికి వేఱు రకము కలదు. అంగడిలో నీళ్లగొట్టమును, గాలిగొట్టమును చౌకగా నిచ్చి "ఇదియు నల్లనిదే" యను వారి మాట వినరాదు. గొట్టము చెడిన పిదప మార్చుట కాక, ఇన్ని యేండ్లకొకసారి యని గడువు పెట్టుకొని మార్చుట వివేకము. నాగలి కఱ్ఱు అఱిగిన పిదప రైతు చూచుచు కూర్చుండడు గదా.

ఇక సంఘములు చేయదగిన దేమి? ఒక్క రైతు ఒక బారెడు గొట్టమునకై పట్టణమునకు పోయి, దొరకిన దానిని తెచ్చును. ఇరువదిమంది సభ్యులు కలసినచో మంచి సరకును నికరమైన ధరకు తెప్పించుకొనవచ్చును. సంఘపు గిడ్డంగిలో ఎరువులతోపాటు కొలది మీటర్ల సరియైన గొట్టము, స్క్రూ క్లిప్పులు, మూత రబ్బరులు, రెండు అగ్నిమాపక సిలిండర్లు ఉండుట ఏ సంఘమునకును భారము కాదు. ధాన్యము ఇల్లు చేరి, ఎండలు ముదురకముందు, మాఘ ఫాల్గుణములలో ఒక దినము నియమించి, సభ్యుల కార్లను, ట్రాక్టర్లను వరుసగా పరీక్షించు ఏర్పాటు చేయవలెనని మేము సూచించుచున్నాము. పనితనమునకు మనకు కొఱత లేదు. సాలూరు లారీల పనికి పేరుపడిన ఊరు. అచ్చటి వృద్ధులైన మిస్త్రీలలో ఒకరిని ఆ దినమునకు పిలిచినచో, మరకను చూచి దోషమును చెప్పు విద్య మన పిల్లలకును అబ్బును. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు పెట్రోలు, డీసెలు బంకులు నడుపుటకు 2023లో కేంద్ర ప్రభుత్వము అవకాశము కల్పించినది. ఇంధనము అమ్మదలచిన సంఘము, ఆ ఇంధనమును సభ్యుడు ఎట్టి గొట్టములో పోయుచున్నాడో గూడ విచారింపవలెను.

ట్రాక్టరు మాట గూడ చెప్పి ముగింతుము. డీసెలు పెట్రోలువలె త్వరగా అంటుకొనదు. అందుచేత దాని కాఱుటను మనవారు లెక్కచేయరు. ఐనను వేడి గొట్టముపై పడిన డీసెలు మండును. కాఱు చోటునుండియే గాలి లోపలికి పోయి, ఉదయము ఇంజను లేవకపోవుటకు కారణమగును. దుక్కి అదనులో ఒక పూట పోయినచో దాని నష్టము గొట్టము వెలకు ఎన్ని రెట్లో రైతునకు మేము చెప్పనక్కఱలేదు.

సభ్యులారా! పదునైదేండ్లు దాటిన కారునకు రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెనని చట్టము కలదు. ఆ దినమున మాత్రము బండిని కడిగి మెఱుగుపెట్టుదుము. మన బిడ్డలు ప్రతిదినము కూర్చుండు బండికి అంతకంటె ఎక్కువ శ్రద్ధ చెల్లదా? పాతదగుట దోషము కాదు. మన ఊళ్ల చెఱువులు ఎంత పాతవి! గట్టు చూచుకొనువారున్నంత కాలము అవి నీరిచ్చుచునే యున్నవి. ఈ సంచిక చదివి ముగించిన వెంటనే ఒక్క పని చేయుడు. మీ బండి డిక్కీ తెఱచి, తల లోపల పెట్టి, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి చూడుడు. మీ ముక్కును మీరు నమ్మలేనిచో, ఇంటికి వచ్చిన మేనత్తగారిని అడుగుడు. వాసన యున్నదని ఆమె చెప్పినచో, ఆ రాత్రి బండిని గడ్డి ప్రక్కన నిలుపకుడు.